ఒకే బిడ్డకి రెండు సెలవులు

అన్నీ ఒక ఉత్తరం దగ్గర ఆగిపోయాయి.

పందొమ్మిది రోజుల క్రితం శిశుగృహం వాళ్ళు దుప్పట్లో చుట్టి చేతుల్లో పెట్టిన పిల్లని సరిగ్గా ఎత్తుకోవడం కూడా ఆమెకి ఇంకా అలవాటు కాలేదు. అంతలోనే ఆమె పనిచేసే కళ్ళద్దాల ఫ్యాక్టరీ నుంచి ఆ ఉత్తరం వచ్చింది. 'మీరు కోరిన సెలవు మంజూరు కాలేదు. మంగళవారం పది గంటలకు ఆఫీసులో హాజరు కాగలరు. రాని పక్షంలో మీ అంతట మీరే ఉద్యోగం వదులుకున్నట్టు భావిస్తాము.'

శిశుగృహం షరతు ఇంకోలా ఉంది. మొదటి పన్నెండు వారాలూ తల్లి పిల్లని వదిలి కదలకూడదు. తనిఖీకి వచ్చే మేడం ముందు చెప్పి రాదు. దత్తత ఇచ్చినట్టు కోర్టు కాగితం చేతికొచ్చేదాకా పిల్ల అప్పగింతే తప్ప సొంతం కాదు. ఆఫీసుకి వెళ్ళిన సమయానికి మేడం వస్తే పిల్ల పోతుంది. వెళ్ళకపోతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే, 'భార్యాభర్తలిద్దరూ సంపాదిస్తున్నారు' అని దరఖాస్తులో రాసిన మాట అబద్ధమైపోయి, అప్పుడూ పిల్లే పోతుంది. ఎటునుంచి లెక్క వేసుకున్నా చివరికి ఖాళీ అయ్యేది ఆ ఉయ్యాలే.

అందుకే ఆ మంగళవారం పొద్దున ఆమె పిల్లకి పాలు పట్టి, భుజాన వేసుకుని, త్రేన్పు వచ్చేదాకా వీపు నిమిరి, అత్తగారి ఒళ్ళో పడుకోబెట్టింది. పిల్ల ఎంత తేలికంటే ఇంట్లో అందరూ పిచ్చిక అంటున్నారు. పేరు కోర్టు కాగితం వచ్చాకే పెడదామనుకున్నారు. పెట్టాక తీసుకుపోతే ఆ పేరు ఏం చేసుకోవాలి?

"నేను వచ్చేదాకా తలుపు తియ్యకండి అత్తయ్యా."

"ఆ తనిఖీ మేడం వస్తే?"

"ఆమెకి తియ్యండి."

"ఆమె అవునో కాదో తలుపు తియ్యకుండా నాకెలా తెలుస్తుందే?"

"కిటికీలోంచి చూడండి. నేనేదని అడిగితే స్నానానికి వెళ్ళానని చెప్పండి."

"రెండు గంటలు స్నానమా? ఆవిడ నీ గురించి ఏమనుకుంటుంది, ఏడాదికోసారి చేస్తుందనుకోదూ?"

వేరే రోజైతే నవ్వేది. బస్సు డ్రైవరైన భర్త డ్యూటీ మార్చుకోవడానికి రెండు రోజుల నుంచి తోటివాళ్ళ కాళ్ళూ గడ్డాలూ పట్టుకున్నాడు. ఒక్కరూ దొరకలేదు. కొత్తగా తండ్రి అయినవాళ్ళకి వాళ్ళ డిపోలో ఇచ్చే సెలవు మూడు రోజులు. పిల్లని తెచ్చిన రోజు ఒకటి, డాక్టరుకి చూపించిన రోజు ఒకటి, కోర్టు గుమ్మంలో నిలబడిన రోజు ఒకటి. మూడూ అయిపోయాయి. పొద్దున అయిదింటికి వెళ్తూ వెళ్తూ పిల్ల అరికాలు ఒక్కసారి ముట్టుకుని వెళ్ళాడు.

పిల్లని వెంట తీసుకెళ్దామంటే కుదరదు. గాజుపొడి ఎగిరే చోటికి పిల్లల్ని గేటు దాటనివ్వరు.

పద్నాలుగేళ్ళుగా ఆ ఫ్యాక్టరీలో ఆమె పని ఒకటే. నల్లగుడ్డ పరిచిన బల్ల ముందు కూర్చుని, పాలిష్ విభాగం నుంచి ట్రేల్లో వచ్చే అద్దాలని ఒక్కొక్కటే దీపం ముందు అటూ ఇటూ తిప్పి చూడాలి. వెంట్రుకలో సగం గీత ఉన్నా ఆమె కన్ను దాటిపోదు. అందుకే అక్కడ ఆమెని ఎవరూ పేరుతో పిలవరు. అందరికీ భూతద్దమే.

సెలవుల ఆఫీసరుకీ ఒక పేరుంది. పెళ్ళికి సెలవడిగినా, చావుకి సెలవడిగినా, పంటి నొప్పికి అడిగినా ఆయన నోట వచ్చే మాట "చూద్దాం." అందుకని ఆయన చూద్దాం సారు. చూసేలోపు పెళ్ళయినా అయిపోతుంది, పన్నయినా ఊడిపోతుంది.

"రండమ్మా, కూర్చోండి. పిల్ల బాగుందా?"

"బాగుంది సార్."

"మంచిది. ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టండి."

చూద్దాం అనలేదు. ఆమె కాగితం తన వైపు తిప్పుకుంది.

కాగితం మీద నాలుగే వరుసలు. 'నేను కోరిన సెలవును నా ఇష్టపూర్వకంగా వెనక్కి తీసుకుంటున్నాను. వచ్చే సోమవారం నుంచి విధుల్లో చేరగలను.'

"ఇదేంటి సార్? మా సూపర్‌వైజరు వెళ్ళమన్నారు కదా. పన్నెండు వారాలు నిశ్చింతగా ఉండు తల్లీ అన్నారు."

"నోటిమాటకి ఫైలుండదమ్మా." ఆయన ఒక పుస్తకం తిప్పి ఆమె వైపు తోశాడు. వేలితో ఒక వరుస చూపించాడు. "పిల్లని పెంచుకోవడానికి తెచ్చుకున్న తల్లికి పన్నెండు వారాలు. నేను కాదనను. ఉంది. కానీ చేతికిచ్చిన రోజుకి బిడ్డ వయసు మూడు నెలలు దాటకూడదు. మీ పిల్లకి మూడు నెలల ఆరు రోజులు."

"ఆరు రోజులు..."

"ఒక్క రోజైనా అంతే."

ఆమె ఆ వరుసని రెండుసార్లు చదివింది. అక్షరాలు కదులుతున్నట్టనిపించింది. గోడ గడియారం పది ఇరవై చూపిస్తోంది. ఈపాటికి పిచ్చిక లేస్తుంది. లేచి మొహాలు వెతుక్కుంటుంది.

"సార్, మూడు నెలలలోపు పిల్లని ఏ శిశుగృహం వాళ్ళూ ఇవ్వరు. కన్నతల్లి మనసు మార్చుకుంటుందేమోనని రెండు నెలలు ఆగుతారు. ఆ తర్వాత డాక్టర్లు, పరీక్షలు, మా ఇల్లు చూడటం, మా జీతాలు చూడటం. అన్నీ అయ్యేసరికి మూడు నెలలు దాటి తీరతాయి. మరి ఈ సెలవు ఎవరి కోసం పెట్టారు?"

"పెట్టింది నేను కాదమ్మా."

"ఇప్పటిదాకా ఒక్కరికైనా ఇచ్చారా?"

"అడిగినవాళ్ళుంటే కదా."

"నేనడుగుతున్నాను."

చూద్దాం సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. గొంతు కొంచెం మెత్తబడింది. మెత్తబడ్డ గొంతే ఎక్కువ భయపెట్టింది. "చూడండి, మీరంటే నాకు గౌరవం. కానీ మీరు కనలేదు కదా. కుట్లు లేవు, రక్తం పోలేదు, నీరసం లేదు. నిక్షేపంగా ఉన్నారు. పన్నెండు వారాలు ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు చెప్పండి?"

"సెలవు నా ఒంటికి కాదు సార్, పిల్లకి. మూడు నెలల్లో దాన్ని ఎంతమంది ఎత్తుకున్నారో తెలీదు. ఇప్పటికీ నిద్రలో ఉలిక్కిపడుతుంది. ఎవరు ఎత్తుకున్నా మొహం ఇటు తిప్పి అటు తిప్పి చూస్తుంది, ఈమె ఉంటుందా పోతుందా అన్నట్టు. నేను ఉంటానని దానికి తెలియాలి. అంతే నేను చేసేది."

ఇంత మాట్లాడతానని ఆమె అనుకోలేదు.

"సంతకం పెట్టకపోతే?"

"శుక్రవారం తర్వాత మీ పేరు తీసేస్తాం."

"అయితే అదే రాసివ్వండి. ఆరు రోజులు ఎక్కువైంది కాబట్టి సెలవివ్వం అని రాసి, మీ సంతకం పెట్టి, ముద్ర వేసి ఇవ్వండి. శిశుగృహం వాళ్ళకి చూపిస్తాను. కోర్టులో చూపిస్తాను."

రాసివ్వమన్న మాటకి చూద్దాం సారు మొహం రంగు మారింది. కుర్చీ వెనక్కి జరిగింది.

"ఏం రాసివ్వాలమ్మా? అయినా ఎన్నిసార్లు అడుగుతారు? ఒకే బిడ్డకి రెండు సెలవులా?"

అని, ఆగిపోయాడు.

ఆమె కుర్చీలో ముందుకి జరిగింది.

"రెండోది ఎవరడిగారు సార్?"

ఆయన బల్ల మీద ఫైలు మీదికి చెయ్యి జరిపాడు. ఆ జరపడం చూసే ఆమె చూపు అటు వెళ్ళింది. కాగితాలు తలకిందులుగా ఉన్నాయి. పైన ఉన్నది ఆమె దరఖాస్తు, ఇంటి చిరునామాతో సహా, ఆమె గుండ్రటి చేతిరాతలో. దానికి కుట్టి ఉన్నది శిశుగృహం ఇచ్చిన అప్పగింత కాగితం, ఎర్రముద్ర, పిల్ల నంబరు నూట ఏడు. ఆ నంబరు ఆమెకి నిద్రలో లేపి అడిగినా వస్తుంది. ఆయన వేళ్ళ సందున, దాని కింద ఇంకో కాగితం అంచు కనిపిస్తోంది. పాతది, నలిగింది. దాని మీదా అదే ఎర్రముద్ర. దాని మీదా నూట ఏడు. పక్కన ఇంకో చేతిరాతలో, 'పాలిష్ విభాగం, మూడో మెషిన్.'

మూడో మెషిన్ అంటే ఊకొట్టు.

ఏమడిగినా 'ఊఁ' అని తప్ప మాట్లాడని పిల్ల. ఇరవై రెండో ఇరవై మూడో ఏళ్ళుంటాయి. ఏడాదిన్నర క్రితం కాంట్రాక్టు మీద వచ్చి చేరింది.

"గుమస్తా వెధవ పని ఇది," అన్నాడు చూద్దాం సారు తనలో తాను అనుకున్నట్టు. "నంబరొకటే అని రెండూ ఒకే ఫైల్లో కుట్టేశాడు."

"ఆమె సెలవడిగిందా సార్?"

"అడిగింది. మీలాగే వచ్చి అక్కడే కూర్చుంది. కన్నాను, సెలవివ్వండి అంది. బిడ్డేదమ్మా అన్నాను. శిశుగృహంలో ఇచ్చేశానని ఈ రసీదు చూపించింది. చేతిలో బిడ్డే లేనప్పుడు సెలవెందుకు, మీరే చెప్పండి? పదో రోజుకి పనిలోకి వచ్చింది. ఏమైంది? బాగానే ఉందిగా?"

"కన్నదానికి బిడ్డ లేదని ఇవ్వలేదు," అందామె నెమ్మదిగా. "బిడ్డ ఉన్నదానికి కనలేదని ఇవ్వరు."

"మాటలకేం లెండి."

"సార్, ఈ ఫైలు ఆమె చూసిందా?"

"పొద్దున తొమ్మిదికి పిలిపించాను. సెలవు అడగనే లేదని రాయించుకుని సంతకం తీసుకున్నాను. ఆ గొడవ తీరిపోయింది."

"ఈ ఫైలు చూసిందా అంటున్నాను."

ఆయన ఫైలు వంక చూశాడు. బల్ల మీద, తెరిచి, తన ముందే. "ఇక్కడే ఉంది..." అన్నాడు. ఆ మాటతో ఆయనకీ విషయం తట్టినట్టుంది. పుస్తకం మూసేశాడు.

ఆమె లేచింది. కలం బల్ల మీదే ఉంది, ముట్టుకోలేదు. "నేను సంతకం పెట్టను సార్. మీరు పేరు తీసేస్తే తీసెయ్యండి. రాసిచ్చి తీసెయ్యండి."

వరండాలోంచి మెట్లు దిగింది.

పాలిష్ హాల్లో రెండు వరుసల మెషిన్లు. తెల్లటి బురదనీళ్ళు చిమ్ముతూ గుండ్రటి దిమ్మలు తిరుగుతున్నాయి. పెద్ద పెద్ద రబ్బరు ఏప్రన్లు వేసుకున్న ఆడవాళ్ళు వంగి పని చేస్తున్నారు. మూడో మెషిన్ ఆగిపోయి ఉంది. కుర్చీ మీద ఏప్రన్ మడతపెట్టి ఉంది.

"అది లేదక్కా," అంది నాలుగో మెషిన్ దగ్గరామె చప్పుడు మీంచి అరుస్తూ. "పొద్దున ఆఫీసుకెళ్ళి వచ్చింది. ఒంట్లో బాగాలేదని తొమ్మిదిన్నరకే వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ మీ ఇల్లు ఏ వీధని అడిగింది. పిల్లని చూడాలనేమో, మాకూ చూపించవచ్చుగా అక్కా!"

"చెప్పావా?"

"చెప్పకేం? మందుల షాపు పక్క సందు, మూడో అంతస్తు అని చెప్పా. ఏం, తప్పా?"

ఆమె ఆ ఏప్రన్ వంక చూస్తూ ఉండిపోయింది. నాలుగైదు నెలల క్రితం, వరసగా రెండు నెలల పాటు మూడో మెషిన్ ట్రేల్లో గీతలు పడ్డ అద్దాలు ఎక్కువగా వచ్చాయి. తనే ఏరి పక్కన పడేసింది. తనే ఎర్రచీటీ రాసింది, 'చెయ్యి నిలకడగా లేదు' అని. ఒకసారి ఆ పిల్లని పిలిచి మందలించింది కూడా. పిల్ల తలొంచుకుని "ఊఁ" అంది. పాదాలు ఉబ్బి చెప్పుల పట్టీల్లోంచి పొంగుకొచ్చాయి. చూసింది. చూసి, పొద్దస్తమానం నిలబడితే అంతే మరి అనుకుంది. వెంట్రుకలో సగం గీత కనిపించే కంటికి ఏప్రన్ కింద ఒక ప్రాణం కనిపించలేదు.

జాలి గుండెల్లో నిండా ఒక్క నిమిషం నిలవలేదు. తోసుకుంటూ భయం వచ్చేసింది. ఊకొట్టు వెళ్ళింది తొమ్మిదిన్నరకి. ఇప్పుడు పది యాభై.

బస్సు కోసం ఆగలేదు. కనిపించిన ఆటో ఎక్కింది. దారి పొడుగునా ఫోను చేస్తూనే ఉంది. అత్తగారు ఫోను ఎప్పుడూ పరుపు కింద పెట్టి మర్చిపోతారు. మోగి మోగి ఆగిపోయింది. శిశుగృహం మేడం చెప్పిన మాట చెవిలో తిరుగుతోంది. "కోర్టు ఉత్తర్వు వచ్చేలోపు కన్నామె వచ్చి బిడ్డ కావాలంటే జడ్జిగారు వింటారమ్మా. వినకుండా ఉండలేరు. కానీ భయపడకండి, మీరెవరో ఆమెకి తెలిసే దారే లేదు."

దారి తెలిసింది. మందుల షాపు పక్క సందు.

ట్రాఫిక్ దీపం దగ్గర ఆటో ఆగింది. పక్కన ఒక అమ్మాయి గుడ్డలో చుట్టిన మూట ఏదో గుండెకి హత్తుకుని రోడ్డు దాటుతోంది. ఆమె సగం లేచి, "ఏయ్!" అని కేక పెట్టింది. అమ్మాయి తిరిగి చూసింది. ఎవరో. మూటలో ఇస్త్రీ బట్టలు.

"ఏమైందమ్మా?" అన్నాడు ఆటోవాడు.

"పోనివ్వు నాయనా. తొందరగా పోనివ్వు."

మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. ఈ వేళకి పిచ్చిక ఏడుపు రెండో అంతస్తుకే వినిపించాలి. పాలవేళ దాటితే ఊరుకునే పిల్ల కాదు, పక్కింటివాళ్ళు తలుపులు తెరిచి చూస్తారు. రెండో అంతస్తు దాటింది. ఏమీ వినిపించలేదు. మూడో అంతస్తు. తలుపు గడియ పెట్టి లేదు. దగ్గరగా వేసి ఉందంతే.

తోసింది.

అత్తగారు వంటగదిలో పాలసీసా కడుగుతున్నారు. మొహంలో ఎక్కడా కంగారు లేదు. "వచ్చావా? మీ ఫ్యాక్టరీ అమ్మాయట. నీ పేరు చెప్పింది. కిటికీలోంచి చూశాను, పాపం, మెట్లెక్కి ఆయాసపడుతోంది. తీశాను. ఎంత మంచి చెయ్యే ఆ అమ్మాయిది! గంట నుంచి గుక్కపెట్టి ఏడుస్తున్న పిల్ల, అలా అందుకుందో లేదో స్విచ్చి కట్టేసినట్టు ఊరుకుంది. నువ్వు కూడా నేర్చుకోవాలమ్మా ఆ పట్టు."

ఆమె లోపలి గదిలోకి నడిచింది.

ఊకొట్టు మంచం అంచున కూర్చుని ఉంది. పిచ్చిక ఆ అమ్మాయి మోచేతి ఒంపులో ఉంది. మొహం ఇటూ అటూ తిప్పి వెతకడం లేదు. కళ్ళు మూసుకుని, పిడికిట్లో ఊకొట్టు చొక్కా గుండీ పట్టుకుని నిద్రపోతోంది. ఇన్ని రోజుల్లో పిల్ల అలా ఒళ్ళు వదిలేసి నిద్రపోవడం ఆమె చూడలేదు.

అరుద్దామనుకుంది. పిల్ల లేస్తుందని అరవలేకపోయింది.

"అక్కా," అంది ఊకొట్టు తలెత్తకుండానే. "పిల్లని అడగడానికి రాలేదు."

ఆమె గోడకి ఆనుకుంది.

"ఆ కాగితం మీద నేను సంతకం పెట్టలేదక్కా. పెట్టానని మీకు చెప్పి ఉంటాడు. పెట్టలేదు. అది పట్టుకునే లోపలే కింద మీ కాగితం కనిపించింది, నంబరు కనిపించింది. ఇంక నాకేం కనిపించలేదు. లేచి వచ్చేశాను." అన్ని మాటలు ఆ అమ్మాయి నోట ఒకేసారి రావడం ఎవరూ ఎప్పుడూ విని ఉండరు. "పదో రోజుకి మెషిన్ దగ్గర నిలబెట్టారక్కా నన్ను. కుట్లు విడిపోయాయి. పాలు వచ్చి ఏప్రన్ తడిసేది. ఎవరికీ తెలియకూడదని దాని మీదే నీళ్ళు చల్లుకునేదాన్ని. బిడ్డ లేకపోతే ఒళ్ళు ఉండదా అక్కా? పోయిన నెల ఒక లాయరమ్మని కలిశాను. ఆ సెలవు నాకు రావాల్సిందేనంది. కేసు వేస్తే గెలుస్తానంది. గెలిస్తే ఆ ఫ్యాక్టరీలో ఇంకెవరికీ కాదనలేరంది. మీక్కూడా."

"వెయ్యి," అందామె. "వెయ్యి. నేను తోడుంటాను. ఎర్రచీటీలు రాసింది నేనేనని కూడా చెప్తాను."

"వెయ్యాలంటే కన్నది నేనేనని జడ్జి ముందు చెప్పాలట. ఆ బిడ్డ ఎక్కడుందని వాళ్ళు అడుగుతారట." ఊకొట్టు మొదటిసారి తలెత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చూపు మాత్రం నిలకడగా ఉంది. "పోయిన నెల నాకు తెలీదని చెప్పాను. ఇప్పుడు తెలుసు. చెప్తే మీ కోర్టు కాగితం ఆగిపోతుందేమో. అబద్ధం చెప్పడం నాకు రాదక్కా."

వంటగదిలో నీళ్ళ చప్పుడు ఆగింది. అత్తగారు పాలసీసా పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి వింటున్నారో.

ఆమె రెండడుగులు ముందుకేసి చేతులు చాచింది.

"పిల్లని ఇలా ఇవ్వు."

"ఇస్తానక్కా," అంది ఊకొట్టు.

చేతులు మాత్రం కదల్లేదు.